ఒక మార్కు ప్రశ్న

మా అక్క కూతురు ఆరో తరగతి. ఈమధ్య సెలవులకు మా ఇంటికి వస్తూ హోంవర్కు కూడా మోసుకొచ్చింది. అందులో ఒకటి 'జతపరచండి'. ఎడమవైపు పేర్లు, కుడివైపు వస్తువులు. గ్రాహంబెల్ నుంచి టెలిఫోనుకు ఒక గీత, మార్కోనీ నుంచి రేడియోకు ఒకటి, రైట్ సోదరుల నుంచి విమానానికి ఒకటి, ఎడిసన్ నుంచి బల్బుకు ఒకటి. అర నిమిషంలో అయిపోయింది. పుస్తకం మూయబోతూ తలెత్తి పైన వెలుగుతున్న ఎల్‌ఈడీ బల్బు వైపు చూసి అడిగింది.

"మామయ్యా, ఇది కూడా ఎడిసన్‌దేనా?"

కాదన్నాను. "మరెవరిది?" అంది. నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. జవాబు తెలియక కాదు. ఆ పుస్తకంలో గీత గీయడానికి వదిలిన చోటులో అది పట్టదు.

చిన్నప్పుడు బస్టాండులో బస్సు కదిలేలోగా ఎక్కి అమ్మేవారు, సన్నటి జనరల్ నాలెడ్జ్ పుస్తకాలు. వాటిలో ఇలాంటి పట్టికలు నేనూ బట్టీ కొట్టినవాడినే. క్విజ్‌లో ఒక స్టీలు గ్లాసు కూడా గెలుచుకున్నాను. అయినా ఇప్పుడు ఆ పట్టికల మీద నాకు పట్టరాని కోపం. ఒక పేరుకు ఒక వస్తువును కట్టేసి, మధ్యలో జరిగినదంతా తీసి అవతల పారేస్తాయి. పిల్లలకు చెప్పాల్సింది సరిగ్గా ఆ మధ్యలో జరిగినదేనని నా వాదన.

వంటింట్లో ఒక తొమ్మిది వాట్ల బల్బు అంతకు వారం ముందే ఆరిపోయింది. పారేయకుండా అలమరలో పెట్టి ఉంచాను. దాన్ని తెచ్చి, స్క్రూడ్రైవరుతో అంచు వెంట నొక్కుతూ పైన ఉన్న తెల్ల ప్లాస్టిక్ బుర్రను ఊడదీశాం. లోపల రూపాయి బిళ్లకంటే కాస్త పెద్ద అల్యూమినియం పలక. దాని మీద గుండ్రంగా పన్నెండు చిన్న చతురస్రాలు, ఒక్కొక్కటి బియ్యపు గింజంత. ఒకదాని మధ్యలో సూదితో పొడిచినట్టు నల్ల చుక్క. పోయింది అదొక్కటే. అన్నీ ఒకే తీగ మీద వరుసగా ఉంటాయి కాబట్టి ఒకటి పోతే పన్నెండూ ఆరిపోతాయి.

పిల్ల నల్ల చుక్కను పట్టించుకోలేదు. "తెల్ల లైటు కదా, ఇవి పసుపుగా ఉన్నాయేమిటి?" అని అడిగింది. పాఠ్యపుస్తకం అడగాల్సిన ప్రశ్న అది.

ఆ పసుపు ఒక పొడి. దాని కింద, కంటికి ఆనీ ఆననంత చిన్న ముక్క ఒకటి ఉంటుంది. అది వెలిగించేది నీలం వెలుగు. ఆ నీలంలో కొంత పొడి మీద పడి పసుపుగా మారుతుంది, కొంత నీలంగానే బయటికి వస్తుంది. రెండూ కలిసి మన కంటికి తెలుపుగా కనిపిస్తాయి. మన ఇళ్లలో, వీధుల్లో తెల్లగా వెలిగే ఎల్‌ఈడీల్లో దాదాపు అన్నింటికీ లోపల ఉన్నది నీలమే. చాలా ఫోను తెరల వెనక ఉన్నదీ అదే. ఆ నీలం కోసం ప్రపంచం ముప్ఫై ఏళ్లు కాచుకుని కూర్చుంది.

కంటికి కనిపించే ఎరుపు ఎల్‌ఈడీని అమెరికాలో నిక్ హోలోన్యాక్ 1962లోనే చూపించాడు. ఆకుపచ్చ కూడా మరీ ఆలస్యం చేయలేదు. నీలం మాత్రం రానంది. ఎందుకో పిల్లకు ఇలా చెప్పాను. ఎల్‌ఈడీలో ఎలక్ట్రాను పైనుంచి కిందికి దూకుతుంది, ఆ దూకుడే వెలుగుగా బయటపడుతుంది. ఎరుపు రావాలంటే గడప మీంచి దూకితే చాలు. నీలం రావాలంటే అరుగు మీంచి దూకాలి. అంత ఎత్తున్న పదార్థం కావాలి. గాలియం నైట్రైడ్‌కు ఆ ఎత్తు ఉంది. ఆ సంగతి అందరికీ తెలుసు. అయితే దాన్ని చక్కటి స్ఫటికంగా పెంచడం ఎవరి చేతా కాలేదు.

స్ఫటికం పెరగాలంటే కింద ఒక నేల ఉండాలి. గాలియం నైట్రైడ్‌కు సొంత నేల సులువుగా దొరకదు కాబట్టి నీలమణి పలక మీద పెంచుతారు. (నగల దుకాణంలో నీలంగా మెరిసేదే, కాకపోతే ప్రయోగశాలలో చేసినది నీళ్లలా రంగు లేకుండా ఉంటుంది.) చిక్కంతా ఆ నేలతోనే. మీ అమ్మ వేసిన చుక్కల ముగ్గు మీద, చుక్కల మధ్య దూరం ఆరో వంతు ఎక్కువ పెట్టి నువ్వు ఇంకో ముగ్గు వేశావనుకో. మొదటి చుక్క మీద చుక్క పడుతుంది. రెండోది కాస్త జరుగుతుంది, మూడోది ఇంకాస్త. నాలుగోదానికి ముగ్గు ముగ్గులా ఉండదు. నీలమణిలో పరమాణువుల మధ్య దూరానికి, గాలియం నైట్రైడ్ దూరానికి తేడా దాదాపు 16 శాతం. పెరిగిన పొర పగిలి, గరుకుగా, మసక అద్దంలా తయారయ్యేది.

మన పట్టికలు ఎన్నడూ ఎక్కించుకోని పేరు ఒకటి ఇక్కడ వస్తుంది. హెర్బర్ట్ మరుస్కా. అమెరికాలోని ఆర్‌సీఏ కంపెనీకి 1968లోనే గోడకు తగిలించుకునే పల్చటి టీవీ కావాలనిపించింది. ఎరుపు, ఆకుపచ్చ ఉన్నాయి, నీలం కావాలి. ఆ పని మరుస్కా చేతికొచ్చింది. 1972లో స్టాన్‌ఫర్డ్‌లో ఆయన, ఆయన తోటివారు గాలియం నైట్రైడ్‌లో మెగ్నీషియం కలిపి, ఊదా రంగులో మినుకుమనే ఎల్‌ఈడీని వెలిగించారు. మసకగానే వెలిగింది, కానీ వెలిగింది. రెండేళ్లు తిరగకుండా కంపెనీ ఆ పనిని ఆపేసింది. ఇరవై ఏళ్ల తర్వాత గెలిచినవాళ్లు వాడినదీ గాలియం నైట్రైడే, అందులో కలిపినదీ మెగ్నీషియమే. మరుస్కా పదార్థం సరైనదే పట్టుకున్నాడు. అది ఎక్కడ అడ్డం తిరుగుతోందో తెలుసుకునే గడువు ఆయనకు దొరకలేదు.

జపాన్‌లో ఇసాము అకసాకి 1970లలో అదే పదార్థాన్ని పట్టుకుని, అందరూ వదిలేసినా వదల్లేదు. 1981లో నగోయా విశ్వవిద్యాలయానికి వచ్చాడు. మరుసటి ఏడాది హిరోషి అమానో అనే విద్యార్థి ఆయన దగ్గర చేరాడు. అమానో పెట్టిన పొరలు 1,500 దాటాయి, ఒక్కటీ పనికిరాలేదు. 1985లో ఒకరోజు కొలిమి మొరాయించింది, వేడి ఎక్కలేదు. ఎలాగూ వేడి తక్కువే ఉంది కదా అని, ముందుగా అల్యూమినియం నైట్రైడ్‌ను పల్చగా పరిచి, ఆ తర్వాత మామూలు వేడిలో గాలియం నైట్రైడ్‌ను పెంచాడు. బయటికి తీసి చూస్తే పలక గాజులా స్వచ్ఛంగా ఉంది. అమానోకు సంతోషం కాదు, కంగారు కలిగింది. గాలియం పంపే మీట తిప్పడం మర్చిపోయాను, పలక మీద అసలు ఏమీ పెరగలేదు అనుకున్నాడు. పరీక్షించి చూస్తే పెరిగింది. రెండు ముగ్గుల మధ్య ఆ పల్చటి పొర మెత్తగా సర్దుకుపోయి, తేడాను తాను మింగేసింది.

మన భాషలో 'కనిపెట్టడం' అన్న మాటను నేను ఇన్నేళ్లూ పట్టించుకోలేదు. ఎడిసన్ బల్బు కనిపెట్టాడంటాం. పొయ్యి మీద పాలు పెట్టి పొరుగింటికి వెళుతూ "కాస్త కనిపెట్టి ఉండు" అనీ అంటాం. తయారుచేయడానికీ, చూపు మరల్చకుండా కాచుకోవడానికీ మనకు ఒకటే మాట. కొన్నేళ్ల తర్వాత అమానో చేసినది ఈ రెండోదే. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద ఒక ముక్కను పరీక్షిస్తుంటే, ఎలక్ట్రాన్ల ధార తగిలిన చోట వెలుగు మెల్లగా పెరుగుతోంది. పరికరం లోపమని ఎవరైనా వదిలేస్తారు. అతను వదల్లేదు. 1989లో అకసాకి, అమానో మెగ్నీషియం కలిపిన గాలియం నైట్రైడ్ మీద అదే ధార పట్టించారు. అప్పటిదాకా మొరాయించిన పదార్థం విద్యుత్తును కావలసిన తీరులో మోయడం మొదలుపెట్టింది. ఎందుకు మొదలుపెట్టిందో మాత్రం వాళ్లకూ అర్థం కాలేదు.

పిల్లలకు చెప్పాలని నేను తహతహలాడే మనిషి మూడోవాడు, షుజి నకమురా. షికోకు ద్వీపంలో నిచియా అనే చిన్న రసాయనాల కంపెనీలో 1979లో ఉద్యోగంలో చేరాడు. టీవీ తెరలకు, ట్యూబులైట్లకు పూసే పొడులు తయారుచేసే కంపెనీ అది. గాజు గొట్టాలు తానే అతికించుకుని, కొలిములు తానే కట్టుకునేవాడు. గొట్టాల్లో భాస్వరం పేలి మంటలు లేచేవి. మొదట్లో తోటివాళ్లు బతికున్నాడో లేదోనని పరుగెత్తుకొచ్చేవారు. తర్వాత పేలుడు వినబడినా ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. పదేళ్లలో చేసిన సరుకేదీ పెద్దగా అమ్ముడుపోలేదు. కంపెనీ యజమాని నొబువో ఒగావా దగ్గరికి నేరుగా వెళ్లి, నీలం ఎల్‌ఈడీ చేస్తానన్నాడు. ఆయన సరేనన్నాడు, సుమారు 50 కోట్ల యెన్లు పెట్టాడు. ఏడాదిపాటు ఫ్లోరిడాకు పంపాడు. పీహెచ్‌డీ లేదని అక్కడివాళ్లు నకమురాను తమలో ఒకడిగా లెక్కపెట్టలేదు.

అప్పటికి నీలం కోసం ప్రపంచమంతా జింక్ సెలెనైడ్ అనే ఇంకో పదార్థం వెంట పడి ఉంది. అది సభల్లో హాళ్లు నింపేది. గాలియం నైట్రైడ్ గురించి వినడానికి వచ్చేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నకమురా ఆ వేళ్ల వైపు వెళ్లాడు. దూరదృష్టి అనుకుంటారేమో. కారణం ఆయనే చెప్పుకున్నాడు. రద్దీ లేని దారిలో పరిశోధన పత్రాలు సులువుగా అచ్చవుతాయి, అవి ఉంటే పీహెచ్‌డీ వస్తుంది. అది చదివినప్పుడు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. ఫ్లోరిడాలో తగిలిన దెబ్బకు పట్టా కావాలనుకున్న మనిషి నీలం వెలుగు దాకా వెళ్లాడు. పిల్లల పుస్తకాల్లో శాస్త్రవేత్తలెప్పుడూ మానవాళి మేలు కోసమే నిద్ర లేస్తారు.

ఉదయమంతా కొలిమి గొట్టాలు విప్పి మార్చడం, మధ్యాహ్నం పొర పెంచి చూడడం, మర్నాడు ఉదయం మళ్లీ విప్పడం. ఏడాదిన్నర ఇదే దినచర్య. వెయ్యి డిగ్రీల వేడి పలక మీద వాయువు నిలవకుండా, పొయ్యి మీద ఆవిరిలా పైకి లేచిపోతుంది. పక్కనుంచి ఒక ధార, పైనుంచి అణిచిపెట్టేలా ఇంకో ధార వదిలాడు. పొర నిలిచింది. ఈలోగా ఒగావా తప్పుకుని ఆయన అల్లుడు కంపెనీ పగ్గాలు పట్టాడు. ఆ పని ఆపెయ్యమని చీటీలు వచ్చాయి. నకమురా వాటిని చూసీ చూడనట్టు పక్కన పడేశాడు.

అమానో వదిలిన ముడి కూడా 1992లో ఇక్కడే విడిపోయింది. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి తువాలు విసిరి సీటు పట్టుకోవడం తెలిసిందే కదా. మెగ్నీషియం ఖాళీ సీట్లు ఏర్పాటు చేస్తుంది. ఆ సీట్ల మీద హైడ్రోజన్ తువాళ్లు పరిచేస్తోంది, కూర్చోవలసినవాళ్లకు చోటు లేదు. ఎలక్ట్రాన్ ధార ఆ తువాళ్లను లాగేసింది. నకమురా బృందం నైట్రోజన్‌లో ఉంచి వేడిచేస్తే చాలు, తువాళ్లన్నీ ఒకేసారి ఎగిరిపోతాయని చూపించింది. ధారతో ముక్క ముక్కకూ చేయాల్సిన పని కొలిమిలో గుత్తగా అయిపోయింది. మరుస్కాను ఆపినదీ ఆ తువాలే. వేడిచేసే పద్ధతిని వెల్లడించిన పత్రం మీద నకమురాతో పాటు తకాషి ముకాయ్, మసయుకి సెనో, నరుహితో ఇవాసా పేర్లున్నాయి. ఈ ముగ్గురి పేర్లు మన పత్రికల్లో అచ్చయినట్టు నేనెక్కడా చూడలేదు.

1993 నవంబరులో నిచియా కళ్లు మిరుమిట్లు గొలిపే నీలం ఎల్‌ఈడీని ప్రకటించింది. 1996కల్లా కంపెనీ తన పాత వ్యాపారమైన పొడినే ఆ నీలం మీద పూసి తెల్ల వెలుగు తెచ్చింది. వంటింటి బల్బులో పిల్లకు కనబడిన పసుపు అదే.

నకమురాకు కంపెనీ ఇచ్చిన బహుమానం 20,000 యెన్లు. ఆయన అమెరికా వెళ్లిపోయాడు. తర్వాత కోర్టుకెక్కాడు. 2004లో టోక్యో కోర్టు 2,000 కోట్ల యెన్లు ఇవ్వాలంది. కంపెనీ పైకోర్టుకు వెళ్లింది. ఇది ఒక్కడి పని కాదు, ఇంకా చాలామంది చెయ్యి ఉంది, నష్టం వస్తే భరించవలసింది మేమే అన్నది దాని వాదన. 2005లో సుమారు 84 కోట్లకు రాజీ కుదిరింది. నాకు నకమురా వైపే మొగ్గు. కానీ ఆ పత్రం మీది మిగతా మూడు పేర్లు గుర్తొచ్చినప్పుడు కంపెనీ మాటను పూర్తిగా కొట్టిపారేయలేను.

ఈ కోర్టు గొడవ పిల్లలకెందుకండీ అంటారు. ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పే నా స్నేహితుడొకడు గట్టిగానే అన్నాడు: "నాలుగు పేర్లు చెబితే ఒక్కటీ గుర్తుండదు. ఒక మహానుభావుడి కథ చెప్పు, పిల్లవాడు కలగంటాడు." అతని మాటలో నిజముంది. నలభై మంది పిల్లల ముందు నిలబడేది అతను, నేను కాదు. అయితే ఆ మహానుభావుడి కథ ఎలా తయారవుతుందో చూడండి. పేదరికం, వీధి దీపం కింద చదువు, ఎగతాళి చేసిన లోకం, పట్టుదల, విజయం. పేర్లు మార్చితే ఎవరికైనా సరిపోయే చొక్కా. దాని చివర "పట్టు వదలకుంటే ఏదైనా సాధించవచ్చు" అని రాసి ఉంటుంది. మరుస్కాకు పట్టుదల తక్కువయిందా? జింక్ సెలెనైడ్ మీద ఏళ్లకేళ్లు పనిచేసినవాళ్లు సోమరులా? పట్టుదల అందరికీ ఉంది. ఒకడికి ఒగావా దొరికాడు, ఒకడికి దొరకలేదు. ఈ మాట చెబితే పిల్లలు నీరుగారిపోతారని నేననుకోను. ఇంట్లో డబ్బు మాటలు, నాన్న ఆఫీసు గొడవలు రోజూ వింటూ పెరిగేవాళ్లే కదా వాళ్లు.

మన యల్లాప్రగడ సుబ్బారావుగారికీ మనం అదే చొక్కా తొడిగాం. భీమవరంలో పుట్టాడు, అమెరికాలో కష్టపడ్డాడు, నోబెల్ రాలేదు, అన్యాయం. నిజంగా రావలసిన గుర్తింపు రాలేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ అన్యాయం గురించి మాట్లాడినంతగా ఆయన పని గురించి మాట్లాడం. మందులు తయారుచేసే లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నడిపినది పెద్ద బృందం. రక్తపు క్యాన్సరుతో ఉన్న పిల్లలకు బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఇచ్చిన అమినోప్టెరిన్ అక్కడిదే, దాని తయారీ పత్రం మీద మొదటి పేరు డోరిస్ సీగర్ అనే ఆవిడది. మన జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగిస్తూ వచ్చిన బోదకాలు మాత్ర కూడా ఆ బృందం నుంచి వచ్చినదే. మాత్ర మింగేటప్పుడు పిల్లలకు ఈ సంగతి చెప్పే అవకాశం ఏడాదికోసారి వచ్చేది.

నీలం ఎల్‌ఈడీకి భౌతికశాస్త్ర నోబెల్‌ను 2014 అక్టోబరు 7న ప్రకటించారు. అకసాకి, అమానో, నకమురా. ముగ్గురికి మించి ఇవ్వకూడదన్నది నియమం. సరిగ్గా అయిదు రోజులకు హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని ఊడ్చేసింది. కరెంటు స్తంభాలు నేలకొరిగాయి, మా వీధి రోజుల తరబడి చీకట్లో ఉంది. తర్వాత నగరమంతా వీధి దీపాలు మార్చారు, తొంభై వేలకు పైగా. బీచ్ రోడ్డు మీద అప్పటిదాకా ఉన్న పసుపు సోడియం వెలుగు పోయి తెలుపు వచ్చింది. ఆ వెలుగులో సముద్రం నురగ రాత్రిపూట కూడా తెల్లగా కనబడడం నాకు కొత్త. ఆ రోజుల్లోనే శ్రీకాకుళం జిల్లాలో మా నాన్న పాత ఫిలమెంటు బల్బులు రెండు సంచిలో వేసుకుని వెళ్లి, వరుసలో నిలబడి, పది రూపాయలకొకటి చొప్పున రెండు ఎల్‌ఈడీలు తెచ్చుకున్నాడు. అంతకు ముందు ప్రభుత్వ సంస్థ ఒక్కో బల్బును 310 రూపాయలకు కొన్నది. నాలుగేళ్లు తిరగకముందే ఆ ధర నలభై లోపుకు దిగింది. ఈ ధర దించినవాళ్లూ, పెద్ద మొత్తంలో కొనే ఏర్పాటు ఆలోచించినవాళ్లూ ఏ 'జతపరచండి'లోనూ ఉండరు. మా నాన్న చేతిలోకి బల్బు రావడానికి నకమురా ఎంత అవసరమో వాళ్లూ అంతే అవసరం.

ఇదంతా పిల్లకు ఒక్క పూటలో చెప్పలేదు. ముగ్గు దాకా బాగానే విన్నది, తువాలు దగ్గర నవ్వింది, కోర్టు సంగతి చెబుతుంటే "ఇరవై వేలా? ఇరవై వేలేనా?" అని రెండుసార్లు అడిగింది. యెన్లు మన రూపాయలకంటే చిన్నవని చెప్పేసరికి ఇంకా మండిపడింది. మరుస్కా ఆ తర్వాత ఏం చేశాడని అడిగింది. పరిశోధన మానలేదని చెప్పాను.

మర్నాడు సాయంత్రం విప్పిన బల్బు పట్టుకుని వీధి మలుపులో ఉన్న మరమ్మతు దుకాణానికి వెళ్లాం. ఆయన పలకను ఒకసారి తిప్పి చూసి, "చిప్పు పోయింది సార్, ఒక్కటే" అన్నాడు. నల్ల చుక్క ఉన్న గింజను పట్టకారుతో పీకేసి, ఆ ఖాళీలో సీసం చుక్క ఒకటి కరిగించి రెండు కొసలూ కలిపాడు. హోల్డరులో పెట్టి మీట నొక్కాడు. పదకొండు వెలిగాయి. బుర్ర లేని బల్బు కదా, సూటిగా చూడలేక ముగ్గురం తలలు తిప్పుకున్నాం.

"అంకుల్, దీన్ని ఎవరు కనిపెట్టారో తెలుసా?" అని అడిగింది మా పిల్ల.

ఆయన బుర్ర బిగిస్తూ తలెత్తకుండానే, "చైనా సరుకమ్మా" అన్నాడు. ఇరవై రూపాయలు తీసుకున్నాడు.